ఆ కాసేపటి కోసం అంత దూరమా?

బంగారాలూ,

మొన్న ‘హోమ్ అలోన్’ అయిపోగానే చిన్నోడు అడిగాడు: “అమ్మమ్మా, వాళ్ళమ్మ పారిస్‌లోనే ఆగి, అందరితో కలిసి వచ్చినా సరిపోయేదిగా?” పొయ్యి మీద పాలున్నాయంటూ నేను లేచి వెళ్ళిపోయాను. జవాబు తట్టలేదు మరి. అందుకే ఈ ఉత్తరం.

1990లో వచ్చిన సినిమా అది. క్రిస్మస్‌కి పారిస్ బయల్దేరిన కుటుంబం చిన్న కొడుకుని పొరపాటున ఇంట్లోనే వదిలేసి వెళ్ళిపోతుంది. దొంగలు జారిపడ్డప్పుడల్లా మీరు నవ్వారు, నేనూ నవ్వాను. కానీ నన్ను వదలనిది ప్రయాణానికి ముందు రాత్రి. షికాగో శివారులో ఆ ఇంటినిండా చుట్టాలు. ఎనిమిదేళ్ళ కెవిన్, సూట్‌కేసు ఎలా సర్దుకోవాలో చెప్పండంటూ ఒక్కొక్కరి వెనకా తిరుగుతాడు. ఎవరికీ తీరికలేదు. వాడి చీజ్ పిజ్జా కాస్తా అన్న తినేశాడు. తోపులాటలో పాలు ఒలికాయి. తుడిచిన కాగితాలతోపాటు వాడి టికెట్ కూడా చెత్తబుట్టలోకి పోయింది, గమనించారా?

పొద్దున పిల్లల్ని లెక్కపెట్టే వేళకి పక్కింటి అబ్బాయి వచ్చి వ్యాన్ దగ్గర నిలబడ్డాడు. తలలు 11, లెక్క సరిపోయింది. మొహం ఎవరూ చూడలేదు. అలాగని వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. కెవిన్ వాళ్ళ నాన్న తోడబుట్టిన ఆ ఫ్రాంక్ గారి సంగతి వేరనుకోండి.

విమానం గాల్లో ఉండగా తల్లికి కెవిన్ గుర్తొచ్చాడు. ఇక చూడాలి ఆవిడ అవస్థ! పారిస్ ఎయిర్‌పోర్టులో ఓ ముసలి దంపతులను బతిమాలి, డబ్బిచ్చి, చెవి రింగులిచ్చి సీటు సంపాదించింది. అక్కణ్ణుంచి డాలస్, తర్వాత స్క్రాంటన్, ఆపైన పోల్కా అనే నాట్య సంగీతం వాయించేవాళ్ళ బండిలో రాత్రంతా ప్రయాణం. వాళ్ళ పెద్ద ఆవిణ్ణి ఓదార్చబోయి, తానూ ఓసారి కొడుకుని శవాన్ని ఉంచిన చోట రోజంతా వదిలేసి వచ్చానంటాడు. అదేం ఓదార్పో!

ఇక్కడ కెవిన్ ఊళ్ళో, చర్చిలో పక్కింటి మార్లీ తాత. కొడుకుతో ఏళ్ళ తరబడి మాటల్లేవు. మనవరాలి పాట వినాలని ఓ మూల కూర్చుంటాడు. ఫోన్ చెయ్యమంటాడు కెవిన్. కొడుకు మాట్లాడకపోతేనో అని ఆయన భయం. అంత పెద్దవాడికీ!

క్రిస్మస్ పొద్దున తల్లి ఇల్లు చేరింది, తప్పయిపోయిందంది. కాసేపటికే మిగతావాళ్ళూ దిగారు, హాయిగా తర్వాతి విమానంలో. అంటే చిన్నోడి లెక్క కరెక్టే. కానీ నాన్నా, ఆ కాసేపూ ఇంట్లో అన్నల్లేరు, చుట్టాల్లేరు, సూట్‌కేసుల్లేవు. కెవినూ వాళ్ళమ్మా, అంతే.

మీ అమ్మమ్మ