గోల్ పడ్డాక జెండా ఎందుకు లేచింది?

చిరంజీవులు చింటూకు, బుజ్జికి తాత దీవించి రాసేది.

బుజ్జీ, నువ్వు ఫోన్‌లో అడిగావు కదా: "బంతి వలలో పడ్డది, అందరూ ఎగిరి గంతులేసిండ్రు, మళ్ల గోల్ కాదన్నరు. ఎట్ల తాతా?" మీరు చూసింది 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో అర్జెంటీనా, సౌదీ అరేబియా ఆడిన మ్యాచ్. మొదటి సగంలోనే అర్జెంటీనా గోల్స్ మూడింటిని ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. చివరికి సౌదీవాళ్లే 2–1తో గెలిచారు.

పరకాలలో పెళ్లికి పోయినప్పుడు భోజనాల కాడ చూశారు గదా. షామియానా దారిలో తువ్వాల భుజాన వేసుకొని పిల్లతరఫు మేనమామ నిలబడ్డాడు. లోపల బగారన్నం గంగాళం ముందు ఇంకో పెద్దాయన గంటె పట్టుకొని కూర్చున్నాడు. గంటె పెద్దాయన గోల్‌కీపర్, మేనమామ ఆయన ముందుండే డిఫెండర్. ఇద్దరూ అవుతలి జట్టే. "భోజనాలకు రాండ్రి" అని మనోడు కేకేసిన క్షణం, మనోడు బంతిని తన్నిన క్షణం అనుకోండి.

ఆ కేక పడ్డప్పుడు నువ్వు మామను దాటి లోపలుంటే ఆఫ్‌సైడ్. మామతో సరిసమానంగా ఉంటే ఏం కాదు. కేక పడ్డాక ఎంత ఉరికినా, మామను దాటి పోయి కూర్చున్నా నిన్ను అడిగేవాడు లేడు. ముందే దూరి, కేక విని మళ్లీ బయటికొచ్చి అమాయకంగా నిలబడితే మాత్రం లాభం లేదు, దొరికినట్టే. చేతులు లెక్కలోకి రావు, చేత్తో గోల్ కొట్టేది లేదు కాబట్టి. తల, ఒళ్లు, కాళ్లు లెక్కే. చింటూ, నీ బొజ్జ కూడా.

కొందరు మామలు మహా గడుసువాళ్లు. కేక పడబోతుందనగా గబుక్కున రెండడుగులు ముందుకొస్తారు. పక్కన నిలబడ్డ పిలగాళ్లు కాలు కదపకుండానే లోపలివాళ్లయిపోతారు! దీన్నే ఆఫ్‌సైడ్ ట్రాప్ అంటారు. ఇంగ్లండ్‌లో 1866 నుంచి ముందున్నవాడికీ గోల్‌కూ నడుమ ఇట్లాంటి కాపలా ముగ్గురుండాలనేది రూలు, గోల్‌కీపర్‌తో కలిపి. న్యూకాజిల్ జట్టులో బిల్ మెక్‌క్రాకెన్ అనే డిఫెండర్ ఈ ట్రాప్ వేసీ వేసీ ఎదుటివాళ్లను ఏడిపించాడు. గోల్స్ తగ్గి ఆట చప్పబడింది. 1925లో ముగ్గురిని ఇద్దరు చేశారు. గోల్స్ ఒక్కసారిగా పెరిగాయి.

ఇంకోటి. లోపల మూలకు పడి నిద్రపోయేవాణ్ని ఎవరూ ఏమనరు. ఆట జోలికి రానంతవరకు ముందున్నా తప్పు కాదు. కానీ గంటె పెద్దాయన కళ్లకు అడ్డంగా నిలబడితే, బంతి ముట్టకున్నా తప్పే.

పక్క గీత దాటిన బంతిని చేత్తో లోపలికి విసిరే త్రో-ఇన్‌కు, మైదానం మూల నుంచి తన్నే కార్నర్‌కు, గోల్ ముందు నుంచి తన్నే గోల్ కిక్‌కు పెళ్లి భోజనంలో జాగా దొరకట్లేదు. ఆ మూడింటి నుంచి బంతి నేరుగా వస్తే ఆఫ్‌సైడ్ లేదు, అంతే. తన సగం మైదానంలో ఉన్నవాడికీ, బంతికి వెనక ఉన్నవాడికీ లేదు.

ఈ రూలు లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. 1962లో మన హైదరాబాద్ రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం గెలిచింది. మా కాజీపేట రైల్వే క్వార్టర్ల పోరగాళ్లకు పిచ్చి పట్టింది. రెండు ఇటుకలే గోల్. మల్లిగాడని ఒకడు ఆ ఇటుకల పక్కన చతికిలబడి, జేబులో రేగుపండ్లు ఒక్కొక్కటే నములుతూ, గింజలు గోల్‌కీపర్ కాళ్ల మీదికి ఊసేవాడు. బంతి రాగానే లేచి కాలు చాపేవాడు. గోల్! మేమంతా చెమటలు కక్కుతుంటే పేరు వాడిది. ఇంక అందరం వాడికే ఎత్తి కొట్టుడు, నడుమ గ్రౌండంతా ఖాళీ. ఒకనాడు ఇంజన్ డ్రైవర్ నర్సయ్య మామ చూసి, మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి ఆఫ్‌సైడ్ చెప్పాడు. మర్నాటి నుంచి మల్లిగాడు ఉరకాల్సి వచ్చింది. మాలో అందరికంటే బాగా ఉరికేది వాడేనని అప్పుడు తెలిసింది. కూర్చున్నకాడికి ముద్ద వస్తుంటే ఎవడు లేస్తాడు చెప్పండి?

మీరు చూసిన ఆ ప్రపంచకప్ జరిగిన ఖతర్‌లో స్టేడియం కప్పుకింద 12 కెమెరాలు పెట్టి, ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 చోట్లను సెకనుకు 50 సార్లు లెక్కగట్టారు. బంతి లోపలి సెన్సర్ సెకనుకు 500 సార్లు కబురు పంపేది. మామూలు మ్యాచ్‌లో ఈ పనంతా గీత పక్కన జెండా పట్టుకున్న ఒక్క మనిషి చేయాలి. బంతి తన్నేది ఒకచోట, మామ నిలబడేది ఇంకోచోట. రెండూ ఒకేసారి చూడడం ఎవరి తరం? అందుకే బంతి తన్నిన చప్పుడు చెవితో పట్టి, కళ్లు మామ వరస మీదే ఉంచుతాడు. ఎట్ల పడతాడో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఈ ఆదివారం మీ కరీంనగర్‌లో ఎక్కడ మ్యాచ్ ఉంటే అక్కడికి పోండి. గోల్ వెనక కాదు, ఆ జెండా మనిషి ఉన్న పక్కనే గీతకు దూరంగా నిలబడండి. బంతిని చూడకండి, ఆయనను చూడండి. జెండా నిటారుగా ఎత్తి, రెఫరీ విజిల్ వేశాక దించుతాడు. పైకి ఏటవాలుగా ఆపితే తప్పు అవుతలి వైపు జరిగినట్టు, అడ్డంగా చాపితే నడుమ, కిందికి వంచితే ఇవుతల. ఏది ఎన్నిసార్లు చూశారో రాసి పంపండి.

మీ తాత,
హనుమకొండ