డేకేర్ మీద ఫిర్యాదుకు ఆధారం కావాలా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరు జిల్లాలో పిల్లల రక్షణ విభాగంలో పనిచేస్తున్నాను. డేకేర్లు, ప్లేస్కూళ్ల మీద ఫిర్యాదు వస్తే విచారణకు వెళ్లేవాళ్లలో నేనూ ఒకదాన్ని. తల్లిదండ్రులు మా ఆఫీసుకొచ్చి కూర్చోగానే తరచుగా అనే మాట ఒకటుంది: "ఆధారం దొరికాక వద్దామని ఇన్నాళ్లు ఆగాం మేడమ్." ఈ ఒక్క నమ్మకం చేసినంత నష్టం ఇంకే పుకారూ చేయడం లేదు.

అపోహ: ముందు మనమే నిజం తేల్చుకుని, ఆ తర్వాతే ఫిర్యాదు చేయాలి.

వాస్తవం: అనుమానం చాలు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళలో ఫోన్ చేసినా తీసుకుంటారు, పేరు చెప్పకపోయినా తీసుకుంటారు. లైంగిక వేధింపుల అనుమానమైతే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం 19వ సెక్షన్ ప్రకారం చెప్పి తీరాలి. మంచి ఉద్దేశంతో చెప్పిన మాట తర్వాత రుజువు కాకపోయినా మీ మీద కేసు ఉండదు. సిబ్బంది చేసిన నేరం తెలిసీ దాచిన నిర్వాహకులకు మాత్రం ఏడాది వరకు జైలు, జరిమానా.

ఆధారం కోసమని ఇంట్లో ఏం జరుగుతుందో చెబుతాను. వేదాయపాలెం వైపు నుంచి ఒక తల్లి వచ్చింది. మూడేళ్ల బాబు. ఫోన్ నిండా వీడియోలు. "ఆయా కొట్టిందా నాన్నా? ఇక్కడ కొట్టిందా?" బాబు తలూపాడు. "కర్రతోనా?" తలూపాడు. తర్వాతి వీడియోలో మేనమామ "మీ అమ్మ కూడా కొట్టిందా?" అన్నాడు. దానికీ తలూపాడు. ఆ తల్లిని ఏమనగలం? రాత్రిళ్లు పిల్లాడు ఉలిక్కిపడి లేస్తుంటే ఎవరికైనా టెన్షనే. కానీ ఆ వయసు పిల్లలు పెద్దవాళ్ల ముఖం చూసి జవాబు చెబుతారు. రేపు కోర్టులో కేసు కొట్టేయించడానికి అవతలి లాయరుకు ఆ వీడియోలే చాలు.

బాబు మొదటిరోజు, ఎవరూ అడగకుండా అన్న మాట వేరే. పడుకునే ముందు లైటు తీయబోతే "ఆయా చీకట్లో పెట్టింది" అన్నాడట. అందరూ దాన్ని వదిలేసి కొట్టడం గురించే అడుగుతూ పోయారు. మేం ఆ మాట పట్టుకుని వెళ్లాం. సామాన్ల గది తలుపు లోపలివైపు, మోకాలి ఎత్తులో, క్రేయాన్ గీతలున్నాయి. పిల్లలకు ఆ గదిలో పనేముంది? సీసీ కెమెరా ఫుటేజీ లేదు. వీళ్లు మా దగ్గరికి వచ్చేసరికి మూడు వారాలు దాటింది, హార్డ్‌డిస్క్ నిండి పాతదంతా చెరిగిపోయింది. మిగతా తల్లిదండ్రులను విడివిడిగా కలిస్తే, ఇంకో ఇద్దరు పిల్లలు కూడా ఇంట్లో "చీకటి గది" అని ఎప్పుడో చెప్పారు. బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద కేసయింది. పిల్లలను చూసుకోవాల్సిన సంస్థలో పనిచేసేవాళ్లే హింస పెడితే 5 ఏళ్ల వరకు కఠిన కారాగారం, 5 లక్షల వరకు జరిమానా.

కాబట్టి పిల్లలు ఏదైనా అంటే, అన్నది అన్నట్టుగా తేదీ, సమయం వేసి కాగితం మీద రాసుకోండి. "అప్పుడేమైంది?" అని ఒక్కసారి అడగండి, అక్కడితో ఆపండి. ఫుటేజీ కోసం డేకేర్ గేటు దగ్గర గొడవపడొద్దు, ఆ రోజే మాకు చెప్పండి.

అపోహ: కేసు పెడితే పిల్లను స్టేషన్ చుట్టూ తిప్పుతారు.

వాస్తవం: పోక్సో కేసులో పిల్లల వాంగ్మూలం ఇంట్లోనే, లేదా వాళ్లు కోరిన చోటే తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో రాకూడదు.

అపోహ: అంతా ఆడవాళ్లే కదా, భయం లేదు.

వాస్తవం: పైన చెప్పిన ఆయా కూడా ఆడమనిషే.

అపోహ: వాట్సాప్‌లో పెడితే పదిమందీ జాగ్రత్తపడతారు.

వాస్తవం: బాధిత పిల్లల గుర్తింపు బయటపెట్టడమే నేరం. కావలిలో ఒక పాప నడుము కింద నీలం మచ్చ ఉందని, ఆయా గిల్లిందని, ఆ ఆయా ఫొటో గ్రూపుల్లో తిప్పారు. బట్టలు మారుస్తూ మచ్చ చూసింది పిన్ని. తల్లి డ్యూటీ నుంచి వచ్చేలోపే ఫొటో ఊరంతా తిరిగింది. డాక్టరు చూసి అది పుట్టుకతో వచ్చిన మచ్చేనన్నారు. మన పిల్లల్లో చాలామందికి ఉంటుంది. నొప్పి ఉండదు, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. దెబ్బకు కమిలిన చోటైతే కొన్ని రోజుల్లోనే రంగు మారుతుంది. ఆ ఆయా కుటుంబం పడిన అవమానానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

పరుగెత్తే పిల్లలకు మోకాళ్లు, నుదురు కమలడం మామూలే. చెవి, మెడ, తొడ లోపలివైపు, పిరుదుల మీద కమిలితే సైజు తెలిసేలా పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి, ఆ రోజే డాక్టరుకు చూపించి 1098కి చెప్పండి.