డ్రై స్క్రీడ్: మేడ మీద గచ్చు వేయించే ముందు తొలగవలసిన అపోహలు

విజయనగరం కోట చుట్టుపక్కల వీధుల్లో చెక్క దూలాల మీద నిలిచిన పాత మేడలను బాగుచేయించుకునేవారు, వీడియోలు చూసి కాబోలు, ఈ మధ్య నన్ను డ్రై స్క్రీడ్ గురించి అడుగుతున్నారు. సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపి బెడ్ వేసే బదులు, నేల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, బట్టీలో కాల్చి ఉబ్బించిన సన్నని మట్టి గుళికలను మట్టంగా పోసి, వాటిపై జిప్సమ్ ఫైబర్ బోర్డులను రెండు పొరలుగా జిగురుతోనూ మరలతోనూ బిగించే పద్ధతి ఇది. పద్ధతి మంచిదే గాని, దాని గురించి మన దగ్గర ప్రచారంలో ఉన్న మాటల్లో సగం సరైనవి కావు.

మొదటి అపోహ, దీనివల్ల కలిగే ప్రధాన లాభం సమయం ఆదా కావడమేనన్నది. తడి స్క్రీడ్, అంటే మామూలు సిమెంటు బెడ్, ఆరడానికి మిల్లీమీటరుకు ఒక రోజు చొప్పున లెక్క వేస్తారు కాబట్టి, 50 మిల్లీమీటర్ల మందానికి ఏడు వారాలు పడుతుందనేది నిజమే. మన వానాకాలంలో ఇంకా ఎక్కువే పడుతుంది. అయితే ఆ నిరీక్షణ చెక్క ఫ్లోరింగ్‌కూ వినైల్‌కూ అవసరం. మన తాపీ మేస్త్రులు పచ్చి బెడ్ మీదనే సిమెంటు పాలు పోసి టైల్స్ పరిచేస్తారు గనుక, టైల్స్ వేయించుకునేవారికి ఇందులో మిగిలే రోజులు చాలా తక్కువ.

అసలు లాభం బరువులో ఉంది. 65 మిల్లీమీటర్ల సిమెంటు బెడ్ చదరపు మీటరుకు సుమారు 130 కిలోలు తూగుతుంది. అదే ఎత్తుకు 45 మిల్లీమీటర్ల గుళికలు, 20 మిల్లీమీటర్ల బోర్డు కలిసినా 50 కిలోలు దాటవు. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదిలో ఈ తేడా దాదాపు తొమ్మిది వందల కిలోలవుతుంది. నివాస గదుల నేలకు చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువు (మనుషులు, సామాను బరువు) లెక్కలోకి తీసుకోమని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయంటే, తడి బెడ్ ఒక్కటే అందులో మూడింట రెండు వంతులకు సమానమైన భారాన్ని శాశ్వతంగా దూలాల మీద మోపుతుందన్నమాట. దూలాల చివరలు గోడలో పుచ్చిపోయాయేమో ఉలితో గుచ్చి చూడకుండా మాత్రం ఏ గచ్చూ మొదలుపెట్టకూడదు.

“గుళికలు దొరక్కపోతే ఇసుకో, రైసు మిల్లు బూడిదో పోస్తే సరిపోదా?” అన్నది నేను తరచుగా వినే ప్రశ్న. సరిపోదు. ఇసుక మూడు రెట్లు బరువు కాబట్టి పద్ధతి ఉద్దేశమే దెబ్బతింటుంది. పైగా నది ఇసుక తడితోనే వస్తుంది. ఊక బూడిద నొక్కిన కొద్దీ అణుగుతుంది గనుక బోర్డులు ఏడాది తిరగకుండానే కుంగుతాయి.

పేరులో పొడి ఉన్నంత మాత్రాన ఇది తడికి తట్టుకుంటుందనుకోవడం అన్నింటికన్నా ప్రమాదకరమైన అపోహ. జిప్సమ్ నీళ్లు పీల్చుకుంటే బలం కోల్పోతుంది. అందులో కాగితపు పీచు ఉంటుంది కనుక చెదల బెడద ఉన్న ఇంట్లో మరింత జాగ్రత్త అవసరం. స్నానాల గదుల్లోనూ, నాగావళి, వంశధార పొంగితే నీళ్లు చేరే శ్రీకాకుళం పల్లపు వీధుల కింది అంతస్తుల్లోనూ నేను దీనిని వేయను. పైడితల్లి పండక్కో సంక్రాంతికో బిందెలతో నీళ్లు కుమ్మరించి ఇల్లు కడిగే అలవాటున్నవారికి కూడా తడిగుడ్డతో తుడుచుకోక తప్పదని ముందే చెబుతాను. ఎందుకంటే బోర్డుకూ గోడకూ మధ్య 8 నుంచి 10 మిల్లీమీటర్ల మెత్తని పట్టీ తప్పనిసరిగా ఉంటుంది, నీళ్లు దిగే దారి కూడా అదే. ఒకచోట మా మేస్త్రి, చేతి అలవాటు కొద్దీ, టైల్స్ వేసిన మర్నాడు క్యూరింగ్ కోసం గది నిండా నీళ్లు కట్టాడు. ఆ బోర్డులను మొత్తం ఊడదీయవలసి వచ్చింది. ఈ బోర్డు మీద ప్రైమర్ పూసి, సాగే గుణమున్న టైల్ అడెసివ్‌తోనే అతికించాలి తప్ప సిమెంటు పాలు పోయకూడదు.

“గుల్లగా మోగుతుంది, బీరువా పెడితే దిగిపోతుంది” అనేది మరో భయం. గుళికలు కనీసం 20 మిల్లీమీటర్ల మందం ఉండి, పైపుల మీద కూడా అంత కప్పు ఉండి, రెండు పొరల బోర్డుల అతుకులు ఒకదాని మీద ఒకటి పడకపోతే నేల దిగదు. నాలుగు కాళ్ల మీద భారమంతా నిలిపే ఇనుప బీరువా కింద మాత్రం మందపాటి ప్లైవుడ్ ముక్క వేయాలి. పోసిన గుళికల మీద ఎవరూ నేరుగా నడవకూడదు. పోసినవారు కూడా బోర్డు ముక్కల మీద నిలబడి, తలుపు వైపు నుంచి పని మొదలుపెట్టాలి.

నా మొదటి పనిలో తప్పు జరిగింది సరిగ్గా ఆ తలుపు దగ్గరే. మూడు నెలల తరువాత గడప పక్క టైలు అతుకు చిట్లింది. వేలి కణుపుతో కొడితే డొల్ల శబ్దం వచ్చింది. బోర్డు ఎత్తి చూస్తే దాని కింద అరచేయి పట్టేంత ఖాళీ కనిపించింది; గడపకు అడ్డుపట్టీ వేయకుండా వదిలేసిన నా అజాగ్రత్త వల్ల గుళికలు గింజ గింజగా పక్క గది నేల కిందికి జారిపోయాయి, మరికొన్ని ప్లంబరు పూడ్చకుండా వదిలిన పైపు కన్నం గుండా కింది గది అటక మీదకి రాలాయి. ఆ ఇంటావిడ వాటిని చీపురుతో ఊడ్చి డబ్బాలో పోసి దాచి ఉంచారు. నేను వెళ్లగానే ఏమీ అనకుండా ఆ డబ్బా నా చేతికిచ్చారు. ఇప్పుడు నేను ప్రతి గడపకూ చెక్క పట్టీ బిగించి, షీటు అంచులను గోడ మీదకి మడిచి, కన్నాలన్నింటినీ పూడ్చాకే గుళికల బస్తా విప్పనిస్తున్నాను.