తోడు పెట్టిన సీసా

చిరంజీవులు చిన్నూకీ, అమ్ములుకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో వంటగట్టు మీద ఒక గాజు కుప్పె చూపించారు. అందులో బురద నీళ్లలాంటివి గిరగిరా తిరుగుతున్నాయి. "నాన్న ఏం చేస్తున్నాడు తాతయ్యా?" అని అడిగి, జవాబు వినకుండానే ఆటకు పరుగెత్తారు. ఇప్పుడు తీరిగ్గా చదవండి.

మీ బామ్మ రోజూ రాత్రి చేసే పనే మీ నాన్న చేస్తున్నాడు. గిన్నెడు పాలకు చెంచాడు పెరుగు చాలు. మా చెల్లి పెళ్లికి గుండిగల కొద్దీ పాలు తోడుపెట్టాల్సి వచ్చినప్పుడు మా అమ్మ ముందురోజే చిన్న గిన్నెలో పెరుగు చేసి, దాన్ని పెద్ద గుండిగల్లో కలిపింది. కుప్పెలో ఉన్నదీ అలాంటి తోడే. బీరు కాచేవాళ్ల భాషలో స్టార్టర్. పెరుగులో ఉండేవి బాక్టీరియా, ఇందులోది ఈస్ట్. అది పుట్టగొడుగుల జాతికి చెందిన ఒంటి కణపు జీవి.

నాన్న చేయబోయేది గట్టి బీరు. గట్టి అంటే అందులో పడే చక్కెర ఎక్కువ. ఈస్ట్ ఆ చక్కెర తిని ఆల్కహాలూ, బొగ్గుపులుసు గాలీ వదులుతుంది. చిక్కటి తీపినీళ్లు కణంలోని నీటిని బయటికి లాగేస్తాయి. పోనుపోను అది వదిలిన ఆల్కహాలే దానికి విషమవుతుంది. 20 లీటర్ల గట్టి బీరుకు ముప్పై వేల కోట్లకు పైగా కణాలు కావాలి. కొట్లో దొరికే ద్రవ ఈస్ట్ పొట్లంలో సుమారు పది వేల కోట్లే ఉంటాయి. అవీ కొన్నాళ్లు నిల్వ ఉంటే కొన్ని చచ్చిపోతాయి. అంత కొద్దిమందితో పని మొదలుపెడితే సగంలో చతికిలబడతాయి, బీరు తియ్యగా మిగిలిపోతుంది.

అందుకని ముందు వాటిని పెంచుతారు. లీటరు నీళ్లకు 100 గ్రాముల మాల్ట్ పొడి, అంటే మొలకెత్తించిన బార్లీ సారం, కలిపి పావుగంట మరిగిస్తారు. తీపి పల్చగానే ఉండాలి. ఇక్కడ కావలసింది బీరు కాదు, సంతానం. ఉత్త పంచదార నీళ్లు పోయరు. దానికి అలవాటుపడిన ఈస్ట్ తర్వాత బార్లీ చక్కెరను సరిగా తినదు. అచ్చం చాక్లెట్టు తిని అన్నం వద్దనే అమ్ములులా!

మరిగాక బాగా చల్లారనివ్వాలి. ఓసారి బామ్మ ఊళ్లో లేనప్పుడు నేను పొగలు కక్కే పాలలో తోడు వేశాను. తెల్లారి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. ఈస్ట్ కూడా అంతే, వేడికి చస్తుంది. కుప్పె 20 డిగ్రీలకు చల్లారాకే పోయాలి. చేతులూ, గిన్నెలూ శుభ్రంగా లేకపోతే వేరే క్రిములు విందుకు దిగుతాయి.

కుప్పె కింది పెట్టెలో అయస్కాంతం తిరుగుతుంటే లోపలి చిన్న కడ్డీ దానితోపాటే తిరుగుతుంది. కణాలు అడుక్కి దిగకుండా, పిల్లలు పెట్టడానికి కావలసిన ప్రాణవాయువు అందేలా చేసే ఏర్పాటు అది. మూతకి రేకు వదులుగా చుట్టింది లోపలి గాలి బయటికి పోవడానికి. బిగించారో, పేలుతుంది! ఒకటి రెండు రోజులయ్యాక ఫ్రిజ్‌లో పెడితే ఈస్ట్ అడుగున మీగడలా పేరుకుంటుంది. పైనీళ్లు వంచేసి, ఆ ముద్దను బీరులో కలుపుతారు.

తమాషా ఏమిటంటే, 1516లో జర్మనీలోని బవేరియా ప్రభువులు బీరులో బార్లీ, హాప్స్ అనే చేదు పూలు, నీళ్లు తప్ప ఇంకేమీ వేయకూడదని శాసనం చేశారు. అందులో ఈస్ట్ మాటే లేదు! అది జీవి అని అప్పటికి ఎవరికీ తెలియదు మరి. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ అనే ఆయన ఒకే ఒక్క కణాన్ని విడదీసి, దాని సంతానాన్ని పెంచాడు. మీ నాన్న పొట్లంలోని స్వచ్ఛమైన ఈస్ట్ వెనక ఉన్న పద్ధతి ఆయనదే.

ఆ బీరు పెద్దవాళ్లది, మీరు ముట్టుకోవద్దు. ఇక్కడైతే లైసెన్సు లేకుండా ఇంట్లో కాయడం నేరం కూడాను. మీ అమెరికాలో దాన్ని అనుమతిస్తూ 1978లో చట్టం వచ్చింది కాబట్టి మీ నాన్నకు చెల్లింది. కుప్పెలోంచి ఒక్క చుక్క అడిగి తీసుకుని, 400 రెట్లు చూపించే మైక్రోస్కోపు కింద పెట్టండి. కోడిగుడ్డులాంటి కణానికి పక్కన చిన్న మొగ్గ తొడిగి ఉంటే, అదే పుట్టబోయే బిడ్డ. కనబడితే బొమ్మ గీసి పంపండి, బామ్మకి చూపిస్తాను.

మీ తాతయ్య