నాలుగు ఖాళీ గూళ్లు

ఇంగ్లండ్‌లోని హాక్సన్ ఊళ్లో 1992లో ఒక రైతు సుత్తి పొలంలో పోయింది. వెతికిపెడదామని స్నేహితుడు మెటల్ డిటెక్టర్‌తో వెళ్తే రోమన్ల నాటి నిధి బయటపడింది. దాదాపు 15 వేల నాణేలు, బోలెడు వెండి సామాను, 29 బంగారు నగలు. ఇప్పుడవి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. దొరికిన ఆ సుత్తి కూడా అక్కడే ఉంది!

నగలన్నిటిలో నాకు బాగా నచ్చింది ఒంటి చుట్టూ వేసుకునే గొలుసు. సుమారు 250 గ్రాములు, అంటే షాపు లెక్కలో 25 తులాలు. నాలుగు గొలుసుల్లో రెండు భుజాల మీదుగా, రెండు చంకల కిందుగా వెళ్లి, ముందూ వెనకా ఒక్కో బిళ్ల దగ్గర కలుస్తాయి. కొలత చూస్తే సన్నగా ఉండే అమ్మాయికే పడుతుంది.

అల్లిక తీరు చూడండి. సన్నటి తీగను చిన్న చిన్న రింగులుగా చుట్టి, ఒక్కోదాన్నీ ముందే అతికేస్తారు. తర్వాత రింగును కోలగా నొక్కి, మధ్యకు మడిచి, ముందున్న రింగులోంచి దూరుస్తారు. అల్లాక ఇక టంకం పెట్టే పని లేదు. అందుకే గొలుసు తాడులా మెత్తగా ఒంగుతుంది. మన నానుతాడు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

ముందు బిళ్ల నడుమ ఊదారంగు అమెథిస్ట్, చుట్టూ నాలుగు ఎర్రటి గార్నెట్లు. వాటి మధ్య నాలుగు గూళ్లు ఖాళీ. బహుశా అక్కడ ముత్యాలు ఉండేవి. ముత్యమంటే ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్, దాదాపు సున్నపురాయిలో ఉండే పదార్థమే. తడి నేలలోని ఆమ్లాలకు కొద్దికొద్దిగా కరిగిపోతుంది. బంగారాన్ని ఆ ఆమ్లాలు ఏమీ చేయలేవు. ఈ నగల బంగారం సగటున 22 క్యారెట్లు, ఇవాళ మనం నగలకు కొనే బంగారం లాంటిదే! ఉంగరాల కథ వేరు. మూడింటిలోనూ రాళ్లు లేవు. వేరే నగకు వాడుకోవడానికేమో, పాతిపెట్టకముందే ఊడదీశారు.

వెనక బిళ్లలో గ్రేషియన్ చక్రవర్తి (375–383) బంగారు నాణెం ఉంది. అంతకుముందు అది ఏ లాకెట్‌గానో ఉండి ఉంటుంది. కాసులపేరు వేసుకునే మనకు నాణెం నగ కావడం కొత్తేం కాదు. నిధిలోని చివరి నాణేలు 407–408 నాటివి. బ్రిటన్ మీద రోమ్ పట్టు జారిపోతున్న రోజులవి. బహుశా ఆ టెన్షన్లోనే ఎవరో ఇవన్నీ పెట్టెలో సర్ది పాతిపెట్టారు, మళ్లీ తీసుకోలేకపోయారు.

అందులోనే ఒక కడియం ఉంది. రేకును జాలీలా కత్తిరించి, ఆ జాలీలోనే అక్షరాలు తేల్చాడు కంసాలి. లాటిన్‌లో ఉన్న ఆ మాటలు ఇప్పటికీ చదవొచ్చు: ‘జూలియానా అమ్మగారూ, దీన్ని సంతోషంగా పెట్టుకోండి.’