మైపాడు అల లాక్కుపోయింది ఎవరిని?

కావలి నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. ఆయనా, ఆయన చిన్ననాటి స్నేహితుడూ ఈమధ్య కలిసి ఒక చిన్న సినిమా చూశారు. అందులో ఇద్దరు స్నేహితులకు ఒకే రాత్రి రెండు రకాలుగా గుర్తుంటుంది. సినిమా అయ్యాక మాటల్లో వీళ్ళ పాత సంగతి ఒకటి బయటికొచ్చింది. బళ్ళో చదివే రోజుల్లో మైపాడు బీచ్‌కి వెళ్తే ఒకరిని అల లోపలికి లాగేసిందట. పడవ దగ్గరున్న జాలరి జుట్టు పట్టుకుని ఒడ్డుకు ఈడ్చాడట. ఆ మునిగింది నేనంటే నేనని ఇద్దరూ అంటున్నారు. ముక్కులోకి ఎక్కిన ఉప్పునీళ్ళ మంట ఇద్దరికీ గుర్తుంది. "మాలో అబద్ధం ఆడుతున్నది ఎవరు?" అని ఆయన అడిగారు.

ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు, అంటే తమకు గుర్తున్నదే చెబుతుండొచ్చు. జ్ఞాపకాల శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే.

2001లో షీన్, కెంప్, రూబిన్ అనే పరిశోధకులు 20 జతల కవలలతో మాట్లాడితే 14 జతల్లో కనీసం ఒక జ్ఞాపకం దగ్గర ఇలాంటి తగువే తేలింది. ఒక జతలో ఇద్దరికీ పరుగు పందెంలో పన్నెండో స్థానం తనకే వచ్చినట్టు గుర్తు. వయసు దగ్గరగా ఉన్న తోబుట్టువుల్లో, స్నేహితుల్లో కూడా ఇది కనబడింది. ఆ తగువు జ్ఞాపకాలేమీ మసకబారినవి కావు. మామూలు వాటికన్నా ఎక్కువగా కళ్ళకు కట్టేవి.

ఇదెలా జరుగుతుందో చెప్పడానికి నెల్లూరు వాళ్ళకి నేను రొట్టెల పండగనే చూపిస్తాను. మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్ళు ఇస్తారు, కోరుకునేవాళ్ళు తీసుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె. చేతిలో పెట్టి చూస్తే అన్నీ రొట్టెలే. ఏది ఏ రొట్టో, ఎవరింట్లో కాల్చిందో దాని మీద రాసుండదు, ఇచ్చేవాళ్ళు చెప్పాలి. తిన్నాక అది మన ఒంట్లో కలిసిపోతుంది. కోరిక తీరితే మరుసటేడు మన పిండితో మన పెనం మీద చేసి ఇంకొకరికి ఇస్తాం.

జ్ఞాపకం మీద కూడా ఎక్కడిదో రాసుండదు. మార్సియా జాన్సన్, ఆమె సహచరులు 1993లో వివరించింది దీన్నే. ఒక దృశ్యం మనసులోకి వచ్చినప్పుడు అది నేను అనుభవించిందా, విన్నదా, ఊహించుకున్నదా అని మెదడు అప్పటికప్పుడు అంచనా వేస్తుంది. రంగు, వాసన, చప్పుడు, భయం దండిగా ఉంటే 'నాదే' అని తేలుస్తుంది. స్నేహితుడు మునిగిన కథ చెబుతుంటే వినేవాడు ఊరికే వినడు, బొమ్మ కట్టుకుంటాడు. కంటితో చూసేటప్పుడు పనిచేసే మెదడు భాగాల్లో చాలావాటికి ఆ ఊహలోనూ పనిపడుతుంది. పైగా మైపాడు ఇసుక, ఎండుచేపల వాసన, గొంతులో ఉప్పు అతనికి కొత్తవి కావు. కథ స్నేహితుడిది, పిండి మాత్రం తన ఇంట్లోదే. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే బడి, ఒకే రకం నిక్కరు, కాబట్టి కథలో ఏమీ మార్చక్కర్లేదు. మా అమ్మ చిన్నప్పుడు బావిలో పడ్డ కథ నేనెన్నిసార్లు విన్నా నాది కాదు. అందులోని లంగా, ఓణీ, ఆ కాలం నాకు సరిపోవు. అందుకే ఈ దొంగతనం, అది దొంగతనం అనడం కూడా తప్పే, కవలల్లో, స్నేహితుల్లో ఎక్కువ.

ఆపైన ఇంకోటి ఉంది. 2000లో కరీం నాదర్, గ్లెన్ షాఫే, జోసెఫ్ లెడూ ఎలుకలకు ఒక శబ్దం వినిపించి షాక్ ఇచ్చి భయం నేర్పారు. తర్వాత ఆ శబ్దాన్ని మళ్ళీ వినిపించి, వెంటనే అమిగ్డలా అనే, భయంతో ముడిపడ్డ మెదడు భాగంలోకి అనిసోమైసిన్ ఎక్కించారు. కొత్త ప్రొటీన్ల తయారీని ఆపే మందు అది. ఆ భయం తగ్గిపోయింది. శబ్దం గుర్తుచేయకుండా మందు ఒక్కటే ఇచ్చిన ఎలుకల్లో భయం చెక్కుచెదరలేదు. అంటే కుదురుకున్న జ్ఞాపకం కూడా గుర్తుచేసుకోగానే మెత్తబడుతుంది, మళ్ళీ గట్టిపడటానికి కొత్త ప్రొటీన్లు కావాలి. ఆ మెత్తటి వేళలో కొత్త సంగతులు కలవడానికి వీలుంటుంది. బళ్ళలో ఇప్పటికీ మెదడంటే హార్డ్ డిస్క్ అని చెప్పేసి ఊరుకుంటారు. ఆ ఒక్క మాట పిల్లల బుర్రల్లోంచి తీసెయ్యడానికి తర్వాత ఏళ్ళు పడుతుంది.

ఇలాంటి తగువొస్తే మన ఊళ్ళలో కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యమంటారు, లేకపోతే కాణిపాకం పదమంటారు. అబద్ధమని తెలిసి ఆడేవాడు అక్కడ జంకుతాడేమో. ఈ స్నేహితులిద్దరూ మాత్రం గుండె మీద చెయ్యేసుకుని ప్రమాణం చేసేస్తారు. కోర్టులో సాక్షి "నా కళ్ళారా చూశాను" అన్నప్పుడు నాకు టెన్షన్ పుట్టేది ఇందుకే.

పాఠకుడు ఇంకోటి అడిగారు: తన జ్ఞాపకంలో తన వీపు తనకు కనిపిస్తోందట, అది తేడానా అని. సినిమాలో ఫ్లాష్‌బ్యాక్ చూసినట్టు మనల్ని మనం బయటినుంచి చూసుకోవడం మామూలే. నిగ్రో, నైసర్ అనే పరిశోధకులు 1983లోనే దీని గురించి రాశారు. నిజంగా జరిగినవి కూడా, ముఖ్యంగా పాతబడ్డవి, అలా కనిపిస్తాయి. దాన్నిబట్టి ఏదీ తేల్చలేం.

తేల్చాలంటే ఆ రోజు కూడా ఉన్న మూడో మనిషిని పట్టుకోవాలి. మీరిద్దరూ పక్కన లేకుండా అడగాలి, మాట జాగ్రత్తగా వాడాలి. 1974లో లాఫ్టస్, పామర్ కార్ల ప్రమాదాల ఫిల్ములు చూపించి ఎంత స్పీడులో ఉన్నాయని అడిగారు. కార్లు 'ఢీకొన్నప్పుడు' అని అడిగితే సగటున గంటకు 34 మైళ్ళన్నారు, 'నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు' అంటే దాదాపు 41 అన్నారు. కాబట్టి "మైపాడులో ఆ రోజు ఏం జరిగిందిరా?" అని మాత్రం అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. "మునిగింది వీడే కదా?" అని మాత్రం అడగొద్దు.