పొదుపు సంఘం లెక్క ఎలా కట్టాలి?

చిరంజీవులకు ఆశీస్సులు.

మన ఊరి పొదుపు సంఘాల వల్ల ఎంత మేలు జరిగిందో లెక్కకట్టి రాయమన్నారట బడిలో. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పాసుపుస్తకంలో ఉన్న మొత్తం రాసేసి ఊరుకోకండి. సంఘం దగ్గర డబ్బెంత ఉందో అది చెబుతుంది గానీ, ఇళ్లల్లో ఏం మారిందో చెప్పదు.

ముందు వడ్డీ సంగతి చూడండి. ఒకామె గేదె కోసం 20,000 అప్పు చేసిందనుకోండి. బయట నూటికి మూడు రూపాయల వడ్డీ అయితే, అసలు అలాగే ఉన్నంతకాలం నెలకు 600, ఏడాదికి 7,200. సంఘంలో రూపాయి వడ్డీకి దొరికితే ఏడాదికి 2,400. మిగిలిన 4,800 ఏ పుస్తకంలోకీ ఎక్కదు, కట్టకుండా తప్పిన డబ్బు కదా! పైగా సంఘం తన సొంత పొదుపులోంచి అప్పిచ్చి ఉంటే, ఆ 2,400 మళ్లీ సంఘానికే చేరి ఇంకొకరి అవసరానికి పనికొస్తుంది.

అలాగని పాల మీద వచ్చిన ఆదాయమంతా సంఘం గొప్పే అని రాయకండి. సంఘం లేకపోయినా ఆమె ఎలాగోలా గేదెను కొనేదేమో అడగండి. పాల ధర పెరగడం వల్ల వచ్చినదెంతో విడదీయండి. మీటింగు రోజు పోయిన కూలి, లీడరు బ్యాంకు చుట్టూ తిరిగిన బస్సు ఛార్జీలు ఖర్చులో వేయండి. ఆడవాళ్లు జీతం లేకుండా చేసే పనిని లెక్కలో సున్నా వేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

డబ్బులోకి మారని మేలు కూడా ఉంటుంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లనే తీసుకోండి. 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రిబడికి వెళ్లి, వాచకంలో సారా మీద పాఠం చదివి, తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం దాకా వెళ్లింది. రోజుకో రూపాయి దాచుకునే పొదుపు ఉద్యమం ఆ జిల్లాలో ఊపందుకున్నది ఆ తర్వాతే. ఎంతమందికి అక్షరాలు వచ్చాయని మాత్రమే ఆ రాత్రిబడిని కొలిచి ఉంటే, ఇదంతా లెక్కలోకి వచ్చేదే కాదు. సారా వేలంపాటల మీద ప్రభుత్వానికి ఎంత వచ్చిందో పైసలతో సహా రాసిపెట్టారు. ఆ సారా వల్ల ఇళ్లల్లో పస్తులున్న పూటలు మాత్రం ఎవరూ రాయలేదు.

మన సంఘం పాత తీర్మానాల పుస్తకం అడిగి చూడండి. మొదటి పేజీల్లో వరసగా వేలిముద్రలే. పోనుపోను అదే వరసలో వంకరటింకరగా సంతకాలు మొదలవుతాయి. వాటికి రూపాయల్లో వెల కట్టొద్దు. ఏ ఏడాది ఎన్ని వేలిముద్రలు సంతకాలయ్యాయో అలాగే రాయండి, చాలు.

ఇంకో మాట. సంఘంలో ఉన్నవాళ్లతో పాటు మానేసినవాళ్ల ఇళ్లకూ వెళ్లండి. కంతు కట్టలేక నలుగురిలో మాటపడ్డవాళ్లు, సంఘం బాకీ తీర్చడానికి బయట ఎక్కువ వడ్డీకి తెచ్చినవాళ్లు వాళ్లలో ఉండొచ్చు. లీడరును వెంటబెట్టుకుని వెళ్తే నోరు విప్పరు. మీరిద్దరే వెళ్లండి. పేర్లు రాయకండి.

మీ తాతయ్య